అనామతు పద్దు

మన కోవిల్‌పట్టి నేల నల్లరేగడి. తమిళ సోదరులు దీనిని కరిసల్ అందురు. వాన కురిసిన నాలుగు దినములు కాలికంటుకొని వదలదు. ఎండకాలమున చేయి దూరునంత నెరియలు విచ్చును. ఈ నేలను నమ్ముకొని ప్రత్తి పండించి, సజ్జలు పండించి, పంట తప్పిన ఏండ్లలో అగ్గిపెట్టెలు చేసి బ్రతికిన వారము మనము. సముద్రము మనకు అరువది కిలోమీటర్ల దూరముననే, తూత్తుకుడిలో ఉన్నది. అయినను మన యిండ్లలో దానిని తలచుకొను సందర్భములు కొద్ది. తిరుచెందూరు మ్రొక్కునకు పోయినప్పుడు కాళ్లు తడుపుకొందుము. రామేశ్వరమున పెద్దల కార్యము చేయుదుము. ఐప్పసి, కార్తిక మాసములలో కడలిలో వాయుగుండము పుట్టినదని విని ఆకాశము వంక చూతుము. అంతకు మించి ఆ నీటి క్రింద నేమున్నదని అడిగిన వారిని మేము మా చిన్ననాట ఎరుగము.

ఇట్టి మెట్టప్రాంతమున పుట్టి, మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, జీవితమంతయు లెక్కలు వ్రాసిన మాబోటివారు సముద్రగర్భమును గూర్చి వ్రాయబూనుట పాఠకులకు వింతగా తోచవచ్చును. వ్రాయవలసి వచ్చిన కారణము చెప్పెదము.

2025 ఆగస్టు మాసము మొదటి వారమున మా చెల్లెలి కుమారుడు చెన్నపట్టణము నుండి వచ్చియుండెను. ఇంజనీరు. ఇంట తెలుగు మాటలాడును గాని తెలుగు అక్షరములు రావు. కావున ఈ వ్యాసమును మేము చదివి వినిపింపవలసినదే గాని అతడు చదువబోడు. (ఈ కొరత అతని యొక్కనిదే కాదని ఈ సంచిక చదువు తలిదండ్రులకు తెలియును.) ఆ వారమున పత్రికలలో రెండు వార్తలు వచ్చెను. 4వ తేదీన తూత్తుకుడిలో వియత్నాం దేశపు కంపెనీవారి విద్యుత్తు కార్ల కర్మాగారము ప్రారంభమయ్యెను. 5, 6 తేదీలలో ఇద్దరు భారతీయులు 'నోటీల్' అను ఫ్రెంచి జలాంతర వాహనములో అట్లాంటిక్ మహాసముద్రపు లోతునకు దిగిరి. చెన్నపట్టణమందలి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞుడు రాజు రమేశ్ 4,025 మీటర్లు, నౌకాదళమున కమాండరుగా నుండి విరమించిన జతీందర్ పాల్ సింగ్ 5,002 మీటర్లు దిగివచ్చిరి.

మేనల్లుడు పత్రిక మడిచి, "మామా, ఈ రెండును ఒకే వార్త. పైన కారు, క్రింద దాని బ్యాటరీకి కావలసిన నికెలు, కోబాల్టు" అనెను. మేము అర్థము కాక చూడగా, హిందూ మహాసముద్రపు అడుగున లోహపు గడ్డలు పరచుకొని యున్నవనియు, వానిని ఏరి తెచ్చుటకే ప్రభుత్వము మనుష్యులను దింపుట నేర్చుకొనుచున్నదనియు వివరించెను. మేము ఏదో సందేహము వెలిబుచ్చితిమి. అతడు నవ్వి, "అచ్చట ఊరు లేదు, పొలము లేదు, లేవదీయవలసిన కుటుంబము లేదు. ఎవరును లేని చోట త్రవ్వినచో ఎవరికి నష్టము మామా?" అని యడిగెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. అతడు పోయిన పిదప ఆ ప్రశ్న ఇంటనే ఉండిపోయినది. గ్రంథాలయమునకు పోయి, ఇతరుల చేత అంతర్జాలమున వెదకించి, చదువగలిగినంత చదివితిమి.

మొదట మాటలను గూర్చి ఒక మాట. మన భాషలో సముద్రపు అడుగును సముద్రగర్భము అందుము. సముద్రమునకు రత్నాకరమనియు పేరు కలదు. ఒక పేరు అచ్చట ప్రాణము పుట్టునని చెప్పును. రెండవది అచ్చట తీసికొనదగిన వస్తువులున్నవని చెప్పును. మూడవ పేరు సాగరము. సగరపుత్రులు అరువది వేలమంది తప్పిపోయిన యాగాశ్వమునకై భూమిని త్రవ్విన కథ ఆ పేరునకు మూలము. ఆ త్రవ్వకమున భూగర్భమందలి ప్రాణులు నలిగి ఆక్రోశించెనని రామాయణము చెప్పుచున్నది. కథ వినునప్పుడు మన దృష్టి గంగావతరణము మీదికి పోవును గాని ఆ ఆక్రోశము మీద నిలువదు. అశ్వము దొరకినదా లేదా అన్నదే మనకు ముఖ్యము.

ఇక లోతు సంగతి. నేడు మన పల్లెలలో బోరుబావి ఆరేడు వందల అడుగులు పోవుట వింత కాదు. ఎండ వెలుగుతో ఆకు పచ్చబడగల సముద్రము ఇంచుమించు అంత లోతుతో, అనగా 200 మీటర్లతో, ముగియును. వేయి మీటర్ల క్రింద వెలుగు జాడయే లేదు. సముద్రముల సగటు లోతు 3,700 మీటర్లు. అందుచేత భూగోళమున మిక్కిలి విశాలమైన నివాసస్థలము మనము తిరుగు నేల కాదు, ఆ చీకటియే. ప్రతి పది మీటర్లకు వాయుమండలపు బరువంత బరువు పెరుగుచు పోవును. అయిదు వేల మీటర్ల వద్ద అయిదు వందల రెట్లు. నీరు గడ్డకట్టుటకు కొంచెము ఎగువగా నుండు చలి.

ఇట్టి చోట ప్రాణము నిలువదని తలచుట సహజమే. 19వ శతాబ్దమున ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అను బ్రిటిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈజియన్ సముద్రమున వలపెట్టె దింపి అడుగును తోడి చూచెను. లోతు పెరిగిన కొలది ప్రాణులు తగ్గుట గమనించి, 300 బారల క్రింద, అనగా సుమారు 550 మీటర్ల క్రింద, జీవమే లేదని 1843 ప్రాంతమున సిద్ధాంతము చేసెను. గొప్పవాడు; కష్టపడినవాడు. కాని చూచినంత వ్రాసి ఆగక, చూడని పేజీలో సున్న వేసెను. ఆ సున్నను చెరుపుటకు పెక్కు సంవత్సరములు పట్టెను. 1872 మొదలు 1876 వరకు ఛాలెంజర్ అను ఓడ భూమిని చుట్టివచ్చి, వేల మీటర్ల లోతున సైతము ప్రాణులున్నవని నిశ్చయపరచెను.

మన బంగాళాఖాతమునకును ఇట్టి చరిత్ర కలదు. బ్రిటిష్ ప్రభుత్వపు 'ఇన్వెస్టిగేటర్' అను సర్వే ఓడలో 1888 నుండి 1892 వరకు ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్ అను వైద్యుడు పనిచేసెను. ఓడలో వైద్యునకు పని తక్కువ గాబోలు, వలలో పడిన ప్రతి చేపను, పీతను, రొయ్యను వర్ణించి వ్రాసెను. బంగాళాఖాతమున, అండమాను సముద్రమున, అరేబియా సముద్రమున తోడిన ఆ ప్రాణులు కలకత్తా మ్యూజియమునకు చేరెను. 1902లో ఆయన తన అనుభవములను పుస్తకముగా ప్రకటించెను. మన తాతముత్తాతలు ప్రత్తి బేళ్లను తూత్తుకుడి రేవునకు తోలుచున్న కాలముననే ఇది జరిగినదని తలచినప్పుడు మాకు ఒకింత సిగ్గు కలిగెను. రేవు వరకు పోయినవారము, రేవు క్రింద చూడలేదు.

1977లో మరియొక వింత బయలుపడెను. పసిఫిక్ మహాసముద్రమున గలాపగోస్ దీవుల చెంత 'ఆల్విన్' అను వాహనములో సుమారు 2,500 మీటర్లు దిగినవారు, అడుగున వేడినీటి ఊటల చుట్టును ప్రాణులు గుంపులుగా నుండుట చూచిరి. అచ్చట మనిషి పొడవు మించిన గొట్టపు పురుగులు కలవు. వానికి నోరు లేదు, ప్రేగు లేదు. వాని శరీరమున నివసించు సూక్ష్మజీవులు, కుళ్లిన గ్రుడ్డు వాసన వేయు గంధకపు వాయువు నుండి శక్తిని తీసి ఆహారము చేయును. సూర్యుడే సర్వప్రాణులకు అన్నదాత యని సంధ్యవార్చిన మనకు ఇది చిన్న సంగతి కాదు. ఎండ నుండి గాక రాతి నుండి అన్నము పుట్టు లోకము ఒకటి, మనకు తెలియకుండ, మనకంటె ముందు నుండి నడచుచున్నది.

అట్టి లోకము తెలుగు తీరమునకు ఎదుటనే యున్నదని తెలిసినది మొన్న మొన్ననే. కృష్ణా గోదావరులు తెచ్చి పోసిన ఒండ్రులోని ఆకు అలములు కుళ్లి మీథేను వాయువగును. సముద్రపు అడుగున చలికిని ఒత్తిడికిని అది నీటితో కలిసి మంచుగడ్డ వలె బిగియును. అగ్గిపుల్ల చూపినచో ఆ మంచు మండును. 2006లో ఒక పరిశోధక ఓడ అచ్చట రంధ్రములు వేసి ఈ గడ్డలను పైకి తీసెను. 2019లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు, అదే కృష్ణా గోదావరి పరీవాహపు లోతులలో మీథేను ఊరుచున్న చోటులందు ఆల్చిప్పలును గొట్టపు పురుగులును ఆ వాయువును ఆధారము చేసికొని జీవించుచున్నవని ప్రకటించిరి. ఆంధ్రదేశమును విడిచి నాలుగైదు వందల ఏండ్లయిన మనకు గోదావరి పాటలలో మాత్రమే మిగిలినది. ఆ నది తన మట్టితో, ఎండ చొరని చోట, ఇంకను ఎవరినో పోషించుచున్నదని చదివిన రాత్రి మాకు చాల సేపు నిద్ర పట్టలేదు.

ఆ లోతులు మన నుండి తెగిపోయిన చోటులు కావు. వేడి ఊటలును మీథేను ఊటలును లేని చోట ప్రాణులు పైనుండి రాలు దానినే తినును. చచ్చిన చేప, కుళ్లిన నాచు, రొయ్యపిల్ల విడిచిన పెంకు, ఇవి అన్నియు తునకలు తునకలుగా, మంచు కురిసినట్లు, వారముల తరబడి క్రిందికి దిగును. మన ఎంగిలి మెతుకులే వారి పూర్ణభోజనము. అందుచే పైన నేది విడిచినను అదియు దిగును. పసిఫిక్ నందలి మరియానా అగాధమున, 10,898 మీటర్ల లోతున, 1998లో తీసిన ఛాయాచిత్రములలో ప్లాస్టిక్ సంచి యొకటి కనబడెనని జపాను శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిరి. ఆ అగాధపు చిన్న ప్రాణుల కొవ్వులో, పలు దేశములు 1970లలోనే నిషేధింప మొదలిడిన రసాయనములు దొరకినవని 2017లో తేలెను. సాత్తూరు వంతెన మీద నిలిచి వైప్పారు నదిని చూచినవారికి ఇది దూరపు మాట కాదు. ఏడాదిలో ఎక్కువ కాలము ఇసుకయే; ఆ ఇసుకలో రంగు కాగితములు, సంచులు. ఐప్పసి వెల్లువ ఒక్కటి వచ్చినచో అన్నియు మన్నారు సింధుశాఖకు చేరును. పగడపు దీవులు దాటి దక్షిణమునకు పోయిన కొలది ఆ సింధుశాఖ అడుగు వేయి మీటర్లకు మించి దిగును.

ఇప్పుడు మేనల్లుడు చెప్పిన లోహపు గడ్డల మాట. వీనిని 1873లో ఛాలెంజర్ ఓడవారే మొదట పైకి తీసిరి. మన యిండ్లలో ఉర్లగడ్డ అనుదానియంత, దానివలెనే వంకరటింకరగా నుండును. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు వీనిలో నుండును. ఒక సొరచేప పన్నో, చిప్ప ముక్కయో నడుమ నుండగా దానిచుట్టు నీటిలోని లోహము పొర మీద పొరగా పేరుకొనును. పది లక్షల సంవత్సరములకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. మెత్తని బురద మైదానమున గట్టి వస్తువు ఆ గడ్డ యొక్కటే గనుక, నిలువ చోటు కావలసిన ప్రాణులు దానినే అంటిపెట్టుకొని యుండును. గడ్డను తీసినచో ఇల్లును తీసినట్లే.

మన దేశము ఈ పనిలో వెనుకబడి లేదు. 1981 జనవరి 26న గవేషణి అను ఓడ అరేబియా సముద్రము నుండి మొదటి గడ్డలను తీసెను. 1987లో మార్గదర్శకులలో నొకరుగా అంతర్జాతీయ గుర్తింపు లభించెను. 2002లో ఒప్పందము జరిగి, నేడు మధ్య హిందూ మహాసముద్రమున 75,000 చదరపు కిలోమీటర్ల మేర పరిశోధించు హక్కు మనకు కలదు. అది తమిళనాడు వైశాల్యమున సగమునకు మించినది. అందు 38 కోట్ల టన్నుల గడ్డలుండునని అంచనా. 2021లో కేంద్ర ప్రభుత్వము 4,077 కోట్ల రూపాయల అంచనాతో అగాధ సముద్ర కార్యక్రమమును ఆమోదించెను. అదే యేడు 'వరాహ' అను యంత్రమును 5,270 మీటర్ల లోతున అడుగు మీద నడిపించి చూచిరి. ముగ్గురిని 6,000 మీటర్లకు దింపుటకు 'మత్స్య 6000' అను వాహనమును నిర్మించుచున్నారు. మత్స్యావతారము వేదములను రక్షించినది, వరాహావతారము మునిగిన భూమిని పైకెత్తినది. పేర్లు పెట్టినవారు పురాణము తెలిసినవారే.

త్రవ్విన తరువాత ఏమగునని అడిగినవారును ఉన్నారు. 1989లో జర్మను శాస్త్రజ్ఞులు పెరూ దేశమునకు ఎదుట, నాలుగు వేల మీటర్లకు మించిన లోతున, అడుగును నాగలివంటి పరికరముతో దున్ని వదలిరి. 26 సంవత్సరముల పిదప 2015లో పోయి చూడగా చాళ్లు చాళ్లుగానే యుండెను. మనవారును 1997లో మన వాటా యున్న సముద్రభాగముననే ఇట్టి పరీక్ష చేసిరి. అడుగు బురదను కలచివేసి, ప్రాణుల సంఖ్య తగ్గుట కనిపెట్టి, మరల మరల పోయి చూచిరి. నల్లరేగడిలో వేసిన చాలు ఒక్క వానకు కలిసిపోవును. అచ్చట వాన లేదు, గాలి లేదు, రైతు లేడు. గీసిన గీత గీసినట్లే యుండును.

ఎవరికి నష్టము అన్న ప్రశ్నకు ఇంత చదివినను శాస్త్రము వలన సగమే బదులు దొరకెను. మిగిలిన సగము మాకు దొరకినది మా పాత లెక్కల పుస్తకములలో.

గుమాస్తాగిరి చేసినవారికి అనామతు ఖాతా యన నేమో తెలియును. సొమ్ము వచ్చినది, ఎవరు పంపిరో తెలియదు. లేదా పేరు తెలిసినది, ఎందుకు పంపిరో తెలియదు. దానిని లాభములో వ్రాయరాదు, వెనుకకు పంప వీలులేదు. అనామతు క్రింద వ్రాసి ఉంచవలెను. మేము విరుదునగరములో ఒక వర్తకుని వద్ద పనిచేయుచుండగా అట్టి పద్దు ఒకటి 1,140 రూపాయలు నాలుగేండ్లు నిలిచిపోయెను. ఏటేట దానిని క్రొత్త పుస్తకములోనికి ఎత్తివ్రాయుట విసుగై, అడుగువారెవరును లేరు గదా యని, మేమే ఒక మార్చి నెలాఖరున దానిని లాభమునకు మార్చితిమి. యజమాని గమనింపలేదు. గమనించినను సంతోషించియే యుండును. మరుసటి యేడు సాత్తూరు ప్రక్క పల్లె నుండి ఒక వితంతువు వచ్చెను. భర్త పోయిన పిదప పెట్టె సర్దుచుండగా చీటీ దొరకినదట. అక్షరములు చెరగి అంకె మాత్రమే మిగిలిన ఆ చీటీని ఆమె పైటచెంగున ముడివేసి తెచ్చెను. అంకె 1,140.

సొమ్ము ఇప్పించితిమి. పెద్ద నష్టమేమియు జరుగలేదు. కాని ఆ నాలుగేండ్లును ఆమె పల్లెలో ఉండనే యుండెను. మా పుస్తకములో మాత్రము ఎవరును లేకుండిరి. ఎవరును లేరు అనుటకును, ఎవరున్నారో మాకు తెలియదు అనుటకును గల భేదము ఆ దినమున మాకు తెలిసినట్లు ఏ పుస్తకమును తెలుపలేదు. ఫోర్బ్స్ చేసిన తప్పు మేమును విరుదునగరములో చేసితిమి.

ఈ కథను మేనల్లునకు ఫోనులో చెప్పితిమి. అతడు ఊరక ఒప్పుకొను పిల్లవాడు కాడు. "ఆ ఆమె వచ్చి అడిగినది మామా. ఆ పురుగులు వచ్చి అడుగవు. నేల మీద గని త్రవ్వినచో అడవి పోవును, ఊళ్లు పోవును. బొగ్గు కాల్చినచో సముద్రమే వేడెక్కి పగడములు తెల్లబడును. ఏది మేలు?" అనెను. ఈ మాటలో సత్యము కలదు; దానిని దాటవేసి వ్రాయుట న్యాయము కాదు. మన్నారు సింధుశాఖలో 2010లో, 2016లో నీరు వేడెక్కి పగడములు తెల్లబడినవి, కొన్ని చచ్చినవి. ఏమియు త్రవ్వక, చేతులు కట్టుకొని, ప్రతి గదిలో ఫ్యాను వేసుకొని కూర్చున్నంత మాత్రమున మనము నిర్దోషులము కాము.

అయినను మేలేదో తేల్చుటకు ముందు ధర తెలియవలెను గదా. ధర ఎట్లు వ్రాయుదుమో మాకు తెలియును, ఏలయన మేమే వ్రాసితిమి. మా తండ్రిగారు ఇల్లు కట్టినది 1974లో. సిమెంటు దొరకుట కష్టము. గోడలకు పూసిన సున్నము తూత్తుకుడి నుండి వచ్చెను. అది సముద్రములోని పగడపు రాతిని కాల్చిన సున్నము. కొత్తనారులు దానిని కడలి రాయి అనుచుండిరి. తరువాత ఉద్యోగమున చేరి అదే రాతి పద్దులను మేము ఎన్ని లారీలకు వ్రాసితిమో లెక్కలేదు. పడవ బాడుగ ఒక గడి, గడ్డపార కూలి ఒక గడి, లారీ బాడుగ, దింపుడు కూలి, కమీషను. రాతి వెల అను గడి లేదు. సముద్రమునకు ఎవరు చెల్లింతురు? తూత్తుకుడికిని రామేశ్వరమునకును నడుమ నున్న 21 దీవులను చేర్చి 1986లో జాతీయ సముద్రోద్యానము ఏర్పరచిరి. వానిలో విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అను రెండు దీవులు నీట మునిగినవి. చుట్టునున్న పగడపు గోడను త్రవ్వుటయే కారణమని చెప్పుదురు. తూత్తుకుడి చెంత వాన్ తీవు కరగి కరగి చిన్నదైనందున, 2015 తరువాత దాని చుట్టు కాంక్రీటు దిమ్మెలు దింపి నిలబెట్టవలసి వచ్చెను. 2001లో పగడములను వన్యప్రాణి చట్టము మొదటి పట్టికలో చేర్చిరి. మేము గడి గీయని రాతి వెల ఇది. చెల్లించుచున్నది మరియొక తరము, మరియొక ఖాతా నుండి.

అచ్చట లోతు మూడు నాలుగు బారలే. జాలరి కంటికి కనబడుచునే యుండెను. కనబడుచుండగనే రెండు దీవులను పోగొట్టుకొన్నవారము, అయిదు వేల మీటర్ల క్రింద, ఎవరి కన్నును లేని చోట, జాగ్రత్తగా త్రవ్వుదుమనుట నమ్మశక్యముగా నున్నదా?

సముద్రపు అడుగు ఎవరిది యను విషయమున లోకము ఒక మంచి మాట అనుకొన్నది. 1967లో మాల్టా దేశపు ప్రతినిధి ఆర్విడ్ పార్డో ఐక్యరాజ్య సమితిలో నిలిచి, దేశముల హద్దులకు ఆవల నున్న సముద్రపు అడుగు మానవజాతి ఉమ్మడి వారసత్వము కావలెనని వాదించెను. 1982 నాటి సముద్ర చట్టపు ఒడంబడికలో ఆ మాటయే చేరెను. 1994లో అది అమలునకు వచ్చి, జమైకాలోని కింగ్‌స్టన్ పట్టణమున ఒక అంతర్జాతీయ అధికార సంస్థ ఏర్పడెను. ఉమ్మడి ఆస్తి యనిన మనకు వేరుగా వివరింప నక్కరలేదు. కర్త పేరున పట్టా యున్నంత మాత్రమున అతడు అమ్ముకొనరాదు. ఆపద వచ్చినప్పుడు, కుటుంబపు అక్కరకు, తప్పనిసరియైన ధర్మకార్యమునకు, ఈ మూటికే అధికారము. గర్భమందున్న శిశువునకు సైతము అందు భాగము కలదని మితాక్షర న్యాయము. సముద్రగర్భమను మాట పుట్టించిన మన పెద్దలు ఈ న్యాయమునే తలచిరని చెప్పబోము. కాని రెండును మన భాషలోనే యున్నవి.

ఈ కొలబద్దతో చూచినచో మేనల్లుని ప్రశ్న మారిపోవును. ఎవరికి నష్టము అని గాక, అక్కర నిజముగా వచ్చినదా అని అడుగవలెను. నికెలు, కోబాల్టు లేని ఇనుము ఫాస్ఫేటు బ్యాటరీలు నేడు విస్తారముగా వాడుకలో నున్నవని అతడే మాకు చెప్పెను. పాత బ్యాటరీలను, పారవేసిన ఫోనులను కరగించి లోహమును మరల తీయు పని మన దేశమున ఇంకను సాగవలసినంత సాగలేదు. అటుక మీది గాదె దులిపి చూడక ముందే ఉమ్మడి పొలము బేరము పెట్టు కర్తను ఊరివారు ఏమందురు?

గనుల నియమావళి కింగ్‌స్టన్‌లో ఏండ్ల తరబడి నలుగుచు, 2025 జూలై సమావేశముతో సైతము ముగియలేదు. ఆ యేడు ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు, ఆ సంస్థతో నిమిత్తము లేకయే తమ దేశపు చట్టము క్రింద అనుమతులు త్వరపరచుటకు ఉత్తరువు చేసెను. ముప్పదికి పైగా దేశములు, తెలియనంత వరకు ఆగవలెనని కోరినవి. 2025 నాటికి మన దేశము ఆ పట్టికలో లేదు. మహాసముద్రములలోని ప్రాణికోటిని గూర్చిన వేరొక ఒడంబడికపై 2024లో మన దేశము సంతకము చేసినది. 2026 జనవరిలో అది అమలునకు వచ్చెను.

మనుష్యులను దింపవద్దని మేము అనము. దిగవలెను, చూడవలెను, ఆల్కాక్ వలె ప్రతి రొయ్యకును పేరు పెట్టవలెను. అందుకు 4,077 కోట్లు ఖర్చయినను అది మంచి ఖర్చే. మత్స్యమును ముందు పంపి, వరాహమును తరువాత పంపుడనియే మా విన్నపము. అంతవరకు ఆ పద్దు అనామతులోనే యుండనిండు. ఏటేట క్రొత్త పుస్తకములోనికి ఎత్తివ్రాయుట విసుగైన పనియే; ఆ విసుగుతో మేము చేసినది పైన చెప్పితిమి.

క్రిందటి యేడు వానలకు మా యింటి పడమటి గోడ పూత ఊడిపడెను. చిమ్ముచుండగా సరిగా కాలని సున్నపు గడ్డ యొకటి చేతికి తగిలెను. కడిగి చూచితిమి. ఒక ప్రక్కన చుక్కలు చుక్కలుగా, ముగ్గు వేసినట్లు, చిన్న చిన్న నక్షత్రములు. ఒక్కొక్క నక్షత్రము ఒక్కొక్క ప్రాణి కూర్చుండిన గుంట యట. ఏబది ఏండ్లు ఆ గోడకు వీపు ఆనించి మేము పత్రిక చదువుకొంటిమి. ఇప్పుడది మా వ్రాతబల్ల మీద, కాగితములు ఎగురకుండ బరువుగా నున్నది. మొన్న మేనల్లుడు వచ్చినప్పుడు దానిని చేతికి తీసికొని, వెలుగునకు త్రిప్పి, ఆ గుంటలను లెక్కపెట్ట మొదలిడెను. నలుబది దాటిన తరువాత లెక్క తప్పి, మరల మొదటి నుండి ఆరంభించెను.